నల్ల టేపు చుట్టిన రెసిస్టర్

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీకి కూడా చెప్పలేదు. ఆ రోజు పేజీలో నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో, "ల్యాబ్ పరీక్ష బాగా జరిగింది. 4.7 వచ్చింది" అని రాసి ఉంది. నా డైరీ చదివేవాళ్ళెవరూ లేరు. అమ్మకు అక్షరాల మీద ఆసక్తి లేదు, నాయనకు తీరిక లేదు, హాస్టల్లో నా గదిలో ఉండేవాళ్ళకు నేను ఉన్నానన్న సంగతే సగం రోజులు గుర్తుండేది కాదు. అయినా ఎవరూ చూడని పుస్తకంలో కూడా అబద్ధమే రాసుకున్నాను. ఇప్పుడు ఆ పేజీ తెరిస్తే ఎవరో తిని వదిలేసిన ఆకు ముందు కూర్చున్నట్టు ఉంటుంది.

నాకు వచ్చింది 4.7 కాదు. 6.8.

నేను తిరుపతిలో పాలిటెక్నిక్ చదివాను. ఎలక్ట్రానిక్స్, మూడేళ్ళు. మాది పుత్తూరు. ఇంటి నుంచి రోజూ బస్సులో వచ్చి పోవచ్చు గానీ, పొద్దున బస్సుల్లో నిలబడి నలిగిపోతున్నానని నాయనే హాస్టల్లో చేర్చాడు. మాట్లాడడం నాకు మొదటి నుంచీ కష్టం. క్లాసులో పేరు పిలిస్తే "ఎస్ మేడం" అనేలోపు గొంతు రెండుసార్లు ఆరిపోయేది. రాయడం మాత్రం ఇష్టం. లైబ్రరీలో ఎవరూ తీయని నవలలు తీసుకుని, ల్యాబ్ రికార్డు అట్టలో పెట్టి చదివేదాన్ని.

మా ల్యాబును తలచుకుంటే ఇప్పటికీ ముక్కు చిట్లించుకుంటాను. కిటికీలు తెరవరు. తెరిస్తే పావురాలు వస్తాయట. తెరవకపోయినా వచ్చేవి. వెంటిలేటర్ కింది బెంచీ మీద ఎప్పుడూ తెల్లగా రెట్ట ఎండి ఉండేది. దాని మీద రికార్డు కాగితం పరిచి, ఆ కాగితం మీద బోర్డు పెట్టి పని చేసేవాళ్ళం. మల్టీమీటర్ తీగల కొసలు పట్టుకుంటే వేళ్ళకు నల్లటి జిడ్డు అంటేది. అది ఎన్ని బ్యాచుల చెమటో. సోల్డరింగ్ వాసన, తడి గోడల వాసన, ఎవరో డబ్బాలో మిగిల్చిన పులిహోర వాసన కలిసి అక్కడే ఉండిపోయేవి.

అంత మురికిలోనూ నాకు నచ్చిన ప్రయోగం ఒకటి ఉండేది. కరెంటుకు అడ్డుపడే, విలువ తెలియని ఒక రెసిస్టర్‌ను ఇస్తారు. మైక్రోకంట్రోలర్ బోర్డు, పొటెన్షియోమీటర్ వాడి దాని విలువ కనుక్కోవాలి. పొటెన్షియోమీటర్ అంటే పెద్దదేం కాదు, పాత టేప్ రికార్డర్లలో సౌండు పెంచి తగ్గించే మర లాంటిది. తిప్పే కొద్దీ దాని అడ్డు పెరుగుతుంది, తగ్గుతుంది. ఈ మరను, ఆ తెలియని రెసిస్టర్‌ను ఒకదాని వెనుక ఒకటి కలిపి రెండు చివరలకూ ఐదు వోల్టులు ఇస్తాం. ఎవరి అడ్డు ఎంతో దాన్ని బట్టి ఆ ఐదు వోల్టులను రెండూ పంచుకుంటాయి. రెండూ కలిసే చోటి నుంచి ఒక తీగను మైక్రోకంట్రోలర్‌కు ఇస్తే, అక్కడి వోల్టేజీని అది సున్నా నుంచి 1023 దాకా ఒక అంకెగా తెర మీద చూపిస్తుంది. మర తిప్పుతుంటే అంకె కదులుతుంది. సరిగ్గా సగంలో, అంటే 512 దగ్గర నిలిచిందంటే ఇద్దరి వాటా సమానం. అప్పుడు మరను ఊడదీసి మల్టీమీటర్‌తో కొలిస్తే, అందులో ఎంత ఉంటే తెలియనిదానిలోనూ అంతే.

నోరు విప్పకుండా ఒకదాని సంగతి తెలుసుకోవచ్చు, పక్కన ఇంకొకదాన్ని పెట్టి ఓపికగా తిప్పుతూ పోతే చాలు అన్నది నాకు బాగా నచ్చింది. డైరీలో దాని గురించి రెండు పేజీలు రాసుకున్నాను. ఆ రెండు పేజీలు నిజమే.

మా కాలేజీలో ఈ ప్రయోగానికి ఒక ఆచారం ఉండేది. రెసిస్టర్ మీద రంగు గీతలుంటాయి, వాటిని చూస్తే విలువ తెలిసిపోతుంది. అందుకని పరీక్షలో ఇచ్చే రెసిస్టర్‌కు అటెండర్ నల్ల టేపు చుట్టి, దాని మీద తెల్ల కాగితం ముక్క అంటించి "X" అని రాసేవాడు. ఏటేటా అదే రెసిస్టర్. దాని విలువ నాలుగు వేల ఏడు వందల ఓములు, మా మాటల్లో 4.7. ఆ విషయం మా సీనియర్లకు తెలుసు, వాళ్ళ సీనియర్లకూ తెలుసు. మొదటి ఏడాది చేరిన పిల్లకు క్యాంటీన్ ఎక్కడుందో తెలియకముందే X విలువ తెలిసిపోయేది. విలువే కాదు, కొలతల పట్టిక కూడా తయారుగా ఉండేది. మర ఐదు చోట్ల పెట్టి, ఒక్కోచోట తెర మీది అంకెను బట్టి X విలువ లెక్కగట్టి, ఐదు కొలతలు రాయాలి. ఎప్పుడో ఎవరో రాసిన ఆ పట్టికను ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్ళు. ఆ ఫోటోలో ఒక మూల సాంబారు మరక. మూడో వరుసలో ఒక అంకె కొట్టేసి పక్కన ఇంకోటి రాసి ఉంటుంది. మా క్లాసులో కనీసం పదిమంది ఆ అంకెను కూడా కొట్టివేతతో సహా ఎక్కించారు. ఒకే తప్పును అంతమంది ఒకే చోట చేసి, ఒకే చోట దిద్దుకున్నట్టు. రికార్డులు దిద్దిన మేడం ఒక్కసారి కూడా అడగలేదు.

నేను వాళ్ళను చూసి అసహ్యించుకునేదాన్ని. గట్టిగా కాదు, డైరీలో.

నా బెంచీలో నాతోపాటు ఒక అక్క ఉండేది. సత్యవేడు దగ్గర పల్లెటూరు ఆమెది, ఉండేది మా హాస్టల్లోనే, వేరే గదిలో. పది పాసయ్యాక రెండేళ్ళు ఇంటి దగ్గర సేద్యం పనుల్లో ఉండి తర్వాత చేరింది, అందుకే మాకంటే పెద్దది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను పాపా అనేది. అంత పెద్ద క్లాసులో నా వైపు తిరిగి మాట్లాడేది ఆమె ఒక్కతే. నేను బదులు చెప్పకపోయినా పట్టించుకోకుండా, వాళ్ళూరి చెనిక్కాయల సంగతి, మామిడి తోటలో కోతుల సంగతి చెబుతూ ఉండేది. సరే అనాల్సిన చోట తమిళం వాళ్ళలా "సరి, సరి" అనేది. ఇంగ్లీషు పుస్తకం చూస్తే ఆమెకు భయం. రాత పరీక్షలు అంచుల మీద గట్టెక్కేది. చేతులు మాత్రం చాలా నిదానం. చిన్న తీగను బోర్డు రంధ్రంలో మొదటిసారే దింపేది. మాకు రెండు మూడుసార్లు వంగిపోయేది.

చివరి ఏడాదిలో సత్యవేడు పక్కనున్న శ్రీ సిటీ పారిశ్రామికవాడలోని ఒక కంపెనీ వాళ్ళు కాలేజీకి వచ్చి కొందరు అమ్మాయిలను ఎంపిక చేసుకున్నారు. అందులో నేనున్నాను, ఆమె ఉంది. అన్ని పరీక్షలూ ఒకేసారి పాసై, చేరే రోజుకు సర్టిఫికెట్ చేతిలో ఉండాలి, ఒక్క సబ్జెక్టు ఆగినా ఆ స్థానం వేరేవాళ్ళకు పోతుంది అని చెప్పారు. నాకైతే ఇది కాకపోతే ఇంకోటి. ఆమె సంగతి వేరు. ఆ కంపెనీ బస్సు వాళ్ళ ఊరి రోడ్డు మీదుగానే పోతుంది. పొద్దున ఎక్కి సాయంత్రం ఇంటి ముందు దిగే ఉద్యోగమైతే పంపుతామని, వేరే ఊర్లో ఉండాలంటే వద్దని వాళ్ళింట్లో ముందే తేల్చేశారట. "నాకు ఉండేది ఈ ఒక్క కంపెనీనే పాప" అని ఒకసారి అంది. బాధగా కూడా అనలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

ఆమె భయమంతా ల్యాబ్ పరీక్ష గురించే. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ఏం అడుగుతాడో, తనకు తెలుగులో తెలిసింది ఇంగ్లీషులో ఎలా చెప్పాలో అని. పరీక్షకు ముందు రెండు వారాలు, క్లాసులు అయ్యాక అటెండర్ తాళం వేసేలోపు మేమిద్దరం ల్యాబులో కూర్చునేవాళ్ళం. ఈ ప్రయోగం నేనే నేర్పాను. జీవితంలో నేను ఒకరికి నేర్పింది అదొక్కటే. డబ్బాలో నుంచి ఏదో ఒక రెసిస్టర్ తీసుకుని, రంగు గీతలు కనబడకుండా బొటనవేలితో మూసి పెట్టుకునేది ఆమె.

"నువ్వు జెప్పొద్దు పాప, నేనే తిప్పి సూస్తా" అనేది.

మర మీద ఎవరిదో పాత గోళ్ళరంగు ఎర్రగా అంటుకుని ఉండేది. దాన్ని పట్టుకుని వెంట్రుకవాసి చొప్పున తిప్పేది. తెర మీద అంకె 540, 525, 516 అని దిగుతూ 512 దగ్గర నిలిచేది. నేను తిప్పితే 509కో 514కో దాటిపోయి మళ్ళీ వెనక్కి రావాల్సి వచ్చేది. ఆమెకు అలా కాదు. ఆ తర్వాత మరను మల్టీమీటర్‌తో కొలిచి, బొటనవేలు తీసి రంగులు చూసేవాళ్ళం. ప్రతిసారీ సరిపోయేది.

"సగానికొచ్చి ఎంత కుదురుగా కూసుండాదో సూడు" అని నవ్వేది.

గ్రూపులోని పట్టిక చూసి బట్టీ పట్టాలా అని అడిగింది. వద్దన్నాను. నేను అంత గట్టిగా మాట్లాడింది కూడా ఆ రోజే అనుకుంటా. ఆ గ్రూపు చూడొద్దు అక్కా, తెర మీద ఏం కనబడితే అది రాయి, అంతే అన్నాను.

"అంతేనా? అయితే నేను పాసయిపోతా పో" అంది.

పరీక్ష రోజు మా బ్యాచును పొద్దున ఒక సగం, మధ్యాహ్నం ఒక సగంగా విడగొట్టారు. నేను పొద్దున, ఆమె మధ్యాహ్నం. చీటీ తీస్తే నాకు ఈ ప్రయోగమే వచ్చింది. దేవుడు నా వైపున్నాడనుకున్నాను. ఎగ్జామినర్ సార్ మా మేడం టేబుల్ దగ్గర కూర్చుని పొట్లంలో ఇడ్లీలు తింటున్నాడు. చట్నీ అంటిన చేత్తోనే ఎవరిదో రికార్డు తిప్పి, వేలు అదే రికార్డు అట్టకు తుడిచాడు. ఆయన మోచేతి కింద ఒక కాగితం ముక్క. ప్రతి ప్రయోగానికీ రావాల్సిన జవాబులు దాని మీద వరుసగా రాసి ఉన్నాయి.

నేను తీగలు కలిపాను. X ను పెట్టాను. మర తిప్పాను. రెండుసార్లు దాటిపోయాక 512 దగ్గర నిలిపాను. మరను తీసి కొలిస్తే 6.79.

ఎక్కడో తప్పు చేశాననుకున్నాను. తీగలన్నీ పీకి మళ్ళీ కలిపాను. 6.8. మూడోసారి పక్క బెంచీ మల్టీమీటర్ అడక్కుండానే తీసుకుని కొలిచాను. 6.8. అప్పటికి చెమటకు దుపట్టా మెడకు అతుక్కుపోయింది. పట్టిక కోసం మరను సరిగ్గా ఐదు వేల ఓముల దగ్గర పెట్టి చూశాను. తెర మీద 433 పడింది. X విలువ 4.7 అయితే అక్కడ 527 ఉండాలి. ఆ తేడా చేయి వణికితే వచ్చేది కాదు. నా చేతిలో ఉన్న X అసలు పాత X కాదు. ఎవరో మార్చారు, ఆ సంగతి ఎవరికీ తెలియదు, ఎందుకంటే దాన్ని ఎవరూ కొలవరు.

ఇదంతా నాకు ఆ బెంచీ ముందే, ఆ నిమిషంలోనే అర్థమైంది. అర్థం కాక తప్పు చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

లేచి నిలబడి, సార్, ఇది 4.7 కాదు, 6.8 వస్తోంది అనాలి. అంతే. నాలుగు మాటలు. ఆయన తింటున్నవాడు తలెత్తుతాడు. ల్యాబంతా నా వైపు తిరుగుతుంది. ఎట్లా చెబుతావు అంటాడు. నేను నిలబడి వివరించాలి. నా గొంతు నాకు తెలుసు. ఆ ముందు బెంచీలో ఒకడు బోర్డుకు కరెంటు కూడా ఇవ్వకుండా ఫోను ఒళ్ళో పెట్టుకుని పట్టిక ఎక్కిస్తున్నాడు.

నేను ఫోను కూడా చూడలేదు. పట్టిక నేనే తయారుచేశాను. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 4.7 రావాలంటే మర ఎక్కడుంటే తెర మీద ఏ అంకె ఉండాలో ఒక్కొక్కటీ లెక్క కట్టాను. అన్నీ అచ్చంగా సరిపోతే అనుమానం వస్తుందని, 527 రాయాల్సిన చోట 525 రాశాను. అప్పుడు జవాబు 4.74 అవుతుంది. ఇంకోచోట రెండు ఎక్కువ వేసి 4.67 రప్పించాను. సగటు చూస్తే 4.7. నిజమైన చేయి వణికినట్టు అబద్ధపు అంకెలను వణికించాను. క్లాసులో అందరూ కాపీ కొట్టారు, నిజమే. కానీ వాళ్ళు సోమరులు. నేను దాన్ని శ్రద్ధగా, ఇష్టంగా, డైరీ రాసుకున్నంత ముచ్చటగా రాశాను.

సార్ చూసి, మోచేతి కింది కాగితం చూసి, టిక్ పెట్టాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అక్షరాలు బాగున్నాయన్నాడు.

బయటికి వచ్చాక మెట్ల కింద కుళాయి దగ్గర అక్క కనబడింది. అప్పుడే డబ్బా కడుక్కుంటోంది. ఏ ప్రయోగం వచ్చిందని అడిగింది. చెప్పాను. బోర్డు బాగా పనిచేస్తోందా అని అడిగింది. చేస్తోంది అన్నాను. అంతకుమించి ఒక్క మాట, X మారింది, అక్కడ జాగ్రత్త అనే ఒక్క మాట చెప్పలేదు. ఆమెకు అదే ప్రయోగం వస్తుందని ఏముంది అనుకున్నాను. పన్నెండు ప్రయోగాలున్నాయి.

ఆమెకు అదే వచ్చింది.

సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో హాస్టల్‌కు పోబోతుంటే మేడం పిలుస్తున్నారని కబురు వచ్చింది. స్టాఫ్ రూములోకి వెళ్ళాను. మేడం కంప్యూటర్ ముందు మార్కులు ఎక్కించడానికి సిద్ధంగా ఉంది. ఎగ్జామినర్ సార్ టీకి బయటికి పోయినట్టున్నాడు, ఆయన సంచి కుర్చీ మీద ఉంది. అక్క తలుపు పక్కన, బీరువాకు ఆనుకోకుండా నిటారుగా నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా లేవు. చేతులు ముందుకు పెట్టుకుని ఉంది.

జరిగింది మేడం చెప్పింది. ఈమె 6.8 అని రాసింది. సార్ తన కాగితం చూసి తప్పన్నాడు. తప్పు కాదు సార్, మళ్ళీ తిప్పి చూపిస్తాను రండి అని ఈమె అంది. అంతమంది ముందు అలా అనేసరికి ఆయనకు కోపం వచ్చింది. నాకు నేర్పుతావా అని ఫెయిలు మార్కు వేసి పేపరు పక్కన పడేశాడు. మేడం చెడ్డ మనిషి కాదు. కాస్త బద్ధకం మనిషి, కానీ ఆ రోజు ఆమె కూడా ఇబ్బందిపడుతోంది. ఈ అమ్మాయికి కంపెనీ ఉద్యోగం సంగతి ఆమెకూ తెలుసు.

"పొద్దున ఆ కిట్టు నీకే వచ్చింది గదా" అంది మేడం. "నీకెంత వచ్చింది? నీకూ ఆరు పాయింట్ ఎనిమిదే వచ్చింటే చెప్పు. మార్కులు ఎక్కించకముందే సార్‌తో మాట్లాడతా."

గది గోడకు ఉన్న ఫ్యాను చప్పుడు ఇప్పటికీ వినగలను. రెక్కల మీద దుమ్ము పేరుకుని, తిరిగే కొద్దీ ఉండలుగా ఊడి పడుతుండేది. నా పేపరు ఆ టేబుల్ మీదనే కట్టలో ఉంది. 6.8 అంటే, మరి 4.7 అని ఎందుకు రాశావు, ఆ ఐదు కొలతలు ఎక్కడి నుంచి వచ్చాయి అని అడుగుతారు. అప్పుడు ఆమె పాసవుతుంది. నేను ఫెయిలవుతాను, ఫెయిలవడం కన్నా ముందు దొరికిపోతాను. నా ముచ్చటైన అక్షరాలన్నీ దొరికిపోతాయి. ఇవన్నీ ఒక్క క్షణంలో నా బుర్రలోకి వచ్చాయి. ఆ బుర్ర అన్నింటికీ నెమ్మదే, దీనికి మాత్రం చురుగ్గా పనిచేసింది.

"నాలుగు పాయింట్ ఏడు మేడం" అన్నాను.

గొంతు ఆరిపోలేదు. ఒక్కసారికే, స్పష్టంగా వచ్చింది.

మేడం కంప్యూటర్ వైపు తిరిగింది. అక్క నన్ను చూడలేదు. తన కుడిచేతి బొటనవేలిని, చూపుడువేలిని చూసుకుంటోంది. మర పట్టుకునే వేళ్ళు.

వరండాలో నా పక్కన నడుస్తూ అడిగింది.

"నిజంగా నీకు అదే వచ్చిందా పాప?"

ఊఁ అన్నాను.

"సరి. మూడుసార్లు తిప్పినా. మూడుసార్లూ ఒగటే వచ్చినాది. నా చేతులే ఏందో" అంది. తర్వాత, టిఫిన్‌కు ఏం చేశారో చూద్దాం రా అంది. ఆ రోజు హాస్టల్లో ఉప్మా. పక్కన కూర్చుని తిన్నాను. ఆమె నా ప్లేటులో కొంచెం వేరుశనగ చట్నీ వేసింది. గదికి వెళ్ళి కక్కుకున్నాను. ఆ తర్వాత డైరీ తీసి, మొదట్లో చెప్పిన ఆ వాక్యం రాశాను.

ఫలితాలు వచ్చాయి. ఆమెకు ఆ ఒక్క ల్యాబే పోయింది.

సర్టిఫికెట్ తీసుకునే ముందు ల్యాబుకు ఏమీ బాకీ లేమని అటెండర్ సంతకం కావాలి. ఆ పని మీద వెళ్ళినప్పుడు ఆయన కిట్లన్నీ డబ్బాల్లో సర్దుతున్నాడు. X అక్కడే పైన ఉంది. టేపు ఒక కొస లేచి ఉంది. ఆయన నా కాగితం వెతుకుతుంటే ఆ కొస పట్టుకుని లాగాను. నీలం, బూడిద, ఎరుపు. ఆరు, ఎనిమిది, రెండు సున్నాలు. ఆరు వేల ఎనిమిది వందలు. టేపు జిగురు వేలికి నల్లగా అంటుకుంది.

ఆయన చూసి ఏమీ అనుకోలేదు. "పాతది యాడనో పోయిందిమ్మా. పోయిన దసరా సెలవుల ముందర డబ్బాలో చేతికొచ్చింది తీసి టేపు చుట్టినా" అన్నాడు. "అయినా ఎవురు సూస్తారు దాన్ని?"

అంటే మా పరీక్షకు ఆరేడు నెలల ముందు నుంచీ అది 6.8. ఆ ఆరేడు నెలల్లో ఎన్ని రికార్డులు, ఎన్ని మోడల్ పరీక్షలు, ఎన్ని 4.7లు. కాలేజీ మొత్తానికి దాన్ని కొలిచింది ఇద్దరం. నిజం రాసింది ఒకతే.

అప్పుడైనా చెప్పొచ్చు. రంగులతో సహా సాక్ష్యం చేతిలో ఉంది. స్టాఫ్ రూము దాకా నడిచాను కూడా. మేడం పేపర్లు దిద్దే డ్యూటీ మీద వేరే ఊరు పోయిందని, సోమవారం గానీ రాదని చెప్పారు. అది వినగానే నా భుజాలు కిందికి దిగాయి. ఊపిరి తేలికగా వచ్చింది. ఆ తేలికదనాన్ని నేను మర్చిపోలేను. చేసిన పని కన్నా ఆ హాయి మీదే నాకు ఎక్కువ రోత. సోమవారం నేను పుత్తూరులో ఉన్నాను. కుళాయి కింద బట్టల సబ్బుతో ఎంత రుద్దినా వేలికి అంటిన జిగురు మూడు రోజులు పోలేదు. అన్నం కలుపుతుంటే వాసన వచ్చేది. అమ్మ చూసి, ఏందే అది, తారు ముట్టుకున్నావా అని అడిగింది.

కంపెనీలో చేరాను. తడలో ముగ్గురు అమ్మాయిలతో ఒక గదిలో ఉంటున్నాను. నా పని టెస్టింగ్. ఒక పలక మీద బోర్డు పెట్టి మీట నొక్కితే పచ్చ దీపమో ఎర్ర దీపమో వెలుగుతుంది. పచ్చవి ఒక వైపు, ఎర్రవి ఒక వైపు. నేను చాలా జాగ్రత్తగా పనిచేస్తానని సూపర్‌వైజర్ మెచ్చుకుంటాడు. మెచ్చుకున్న రోజు క్యాంటీన్లో తినబుద్ధి కాదు.

అక్క వాళ్ళూరి మీదుగా వచ్చే కంపెనీ బస్సులో ఆమె సీటులో ఇప్పుడు నాగలాపురం నుంచి వచ్చే ఒక అమ్మాయి కూర్చుంటుంది.

ఈమధ్య సెలవుకు పుత్తూరు పోతూ సత్యవేడులో బస్సు మారుతుంటే, మిట్టమధ్యాహ్నం ఎండలో ఎవరో "పాప" అని పిలిచారు. ఆమే. బస్టాండుకు ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపులో పని చేస్తోందట. తలుపు దగ్గరకు వేసి పరిగెత్తుకుంటూ వచ్చింది. కాస్త నల్లబడింది. నా సంచి తీసుకుని, కిటికీ పక్క సీటులో దాన్ని పెట్టి నాకు చోటు పట్టింది. కంపెనీలో అన్నం ఎట్లుంటుంది, రాత్రి షిఫ్టులు వేస్తారా, నిలబడే ఉండాలా అని అడిగింది. ఒక్క ప్రశ్నలో కూడా ముల్లు లేదు. నేను చెప్పాల్సినదాన్ని గొంతు దాకా తెచ్చుకున్నాను. అక్కా, ఆ రోజు, అన్నాను. నిజంగానే అన్నాను.

ఆ రోజు సంగతా అని ఆమే అందుకుంది. సప్లిమెంటరీకి వెళ్ళి పాసయ్యానంది. ఈసారి కూడా చీటీలో అదే ప్రయోగం వచ్చిందట, అదే నల్ల టేపు రెసిస్టర్ ఇచ్చారట. ఎగ్జామినర్ కూడా ఆ సారేనట. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె దిగి, కిటికీ కింద నిలబడి ఎండకు చేయి అడ్డం పెట్టుకుంది.

"నీకొచ్చిన నంబరే రాసినా పాప" అంది. "బోర్డుకు కరెంటు గూడా ఇయ్యలేదు. ఆ సారు సూసి, ఇప్పుడు నేర్సుకున్నావమ్మా అన్నాడు."